పనిముట్టులో పాలు : మెట్‌పల్లి ఖాదీ నేపథ్యంలో నేత సాంకేతిక పరిశోధన చరిత్ర

జగిత్యాల నుండి నిజామాబాదుకు పోయే దారిలో ఉన్న మెట్‌పల్లి నిజాం పాలనాకాలం నుండే ఖాదీకి పేరుపొందిన ఊరు. పూర్వపు కరీంనగర్ జిల్లాలో భాగమైన ఈ పట్టణం 2016 అక్టోబరు నుండి జగిత్యాల జిల్లాలో ఉంది. ఇక్కడి ఖాదీ గ్రామోద్యోగ్ ప్రతిష్ఠాన్ పేరు తెలంగాణలో ఖాదీ వస్త్రానికి పర్యాయపదం వంటిది. ఊరి చరిత్ర చెప్పేవారు సాధారణంగా ఖాదీని జాతీయోద్యమంలో ఒక అధ్యాయంగా చూపి ముగిస్తారు. గాంధీ, స్వదేశీ, విదేశీ వస్త్ర బహిష్కారం అన్న క్రమంలో కథ సాగుతుంది. రాట్నం అందులో ఒక చిహ్నం మాత్రమే. అయితే రాట్నం చిహ్నం కావడానికి ముందు ఒక యంత్రం. దానికి చక్రం ఉంది, కదురు ఉంది, వాటి మధ్య మాల ఉంది. దానిని బాగు చేయాలని ప్రయత్నించినవారున్నారు, ఆ ప్రయత్నానికి పెట్టిన నియమాలున్నాయి, అందులో గెలిచినవారూ ఓడినవారూ ఉన్నారు. ఈ వ్యాసం ఖాదీని ఆ వైపు నుండి, అంటే ఒక సాంకేతిక పరిశోధన చరిత్రగా పరిశీలిస్తుంది. పనిముట్టును ఎవరు రూపొందించారు, ఎవరి అనుభవం మీద రూపొందించారు, దాని ఫలంలో ఎవరికి పాలు దక్కింది అన్నవి ఇందులోని ప్రశ్నలు.

పాలు అన్న మాటను ఇక్కడ బుద్ధిపూర్వకంగానే వాడడం జరిగింది. తెలంగాణ పల్లెల్లో పాలుకు చేసుకోవడం అంటే భూమి ఒకరిది, కష్టం మరొకరిది, పంటలో ఇద్దరికీ వంతు. పరిశోధన విషయంలోనూ ఇటువంటి ఒడంబడిక ఒకటి ఉండాలన్న ఆలోచన ఇటీవలిదని అనుకుంటారు. విశ్వవిద్యాలయాలు ఇప్పుడు దానిని సహకార పరిశోధన, సమన్యాయ పరిశోధన అన్న పేర్లతో చర్చిస్తున్నాయి. నూలు, నేత రంగంలో మాత్రం ఆ ఒడంబడిక గురించిన వాదం తొమ్మిది దశాబ్దాలకు పైబడినది.

పేరులేని సాంకేతికత

వాదానికి ముందున్న స్థితిని చూపడానికి పొందూరు ఉదాహరణ ఉపకరిస్తుంది. శ్రీకాకుళం జిల్లాలోని ఈ ఊరిలో వడికే సన్ననూలుకు పత్తిని శుభ్రం చేసే పని వాలుగ చేప దవడతో జరుగుతుంది. ఆ దవడలోని సన్నని పళ్ళు దువ్వెనలా పనిచేసి, పత్తిలోని నలుసును తీసి, పోగులను ఒక వరుసకు తెస్తాయి. ఇనుముతో చేసిన ఏ దువ్వెనా అంత మృదువుగా ఆ పని చేయలేదని వడికే స్త్రీల అనుభవం. ఆ ఖాదీ నాణ్యత చూసి గాంధీ తన కుమారుడు దేవదాసును 1921లో పొందూరుకు పంపిన విషయం ప్రసిద్ధమే. చేప దవడను మొదట ఈ పనికి వాడిన మనిషి పేరు మాత్రం ఎక్కడా లేదు. ఆమె స్త్రీ అయి ఉంటుందని ఊహించడానికి అవకాశం ఎక్కువ. ఎందుకంటే ఆ పని తరతరాలుగా స్త్రీల చేతిలోనే ఉంది.

దీనిని ఆవిష్కరణ అనడానికి కొందరు సంకోచిస్తారు. సందేహించవలసిన పనిలేదు. ప్రకృతిలో దొరికే ఒక వస్తువు ఆకృతిని గుర్తించి, దానిని ఒక నిర్దిష్టమైన పనికి కుదిర్చి, తరువాతి తరానికి నేర్పడం సాంకేతిక సృజనకు కావలసిన లక్షణాలన్నిటినీ తీరుస్తుంది. లోపించినది నమోదు ఒక్కటే. కదురూ కవ్వమూ ఆడే ఇంట కరువుండదని సామెత చెప్పిన సమాజం కదురును తిప్పిన చేతి పేరు రాసిపెట్టుకోలేదు.

లక్ష రూపాయల రాట్నం

అఖిల భారత చరఖా సంఘం 1925 సెప్టెంబరులో పాట్నాలో ఏర్పడింది. నాలుగేళ్ళకు, 1929లో, ఆ సంఘం ఒక ప్రకటన చేసింది. మెరుగైన రాట్నాన్ని తయారుచేసినవారికి లక్ష రూపాయల బహుమతి. ఆ రోజుల్లో అది అసాధారణమైన మొత్తం. బహుమతికంటె చరిత్రకారుని ఆకర్షించేవి దానికి పెట్టిన నిబంధనలు. యంత్రం తేలికగా, ఒకచోటి నుండి మరొకచోటికి తీసుకుపోవడానికి వీలుగా ఉండాలి. పల్లెటూరి ఇంట్లో చేతితో గాని కాలితో గాని నడపగలగాలి. ఒక స్త్రీ ఎనిమిది గంటలపాటు పెద్ద ప్రయాస లేకుండా దాని మీద పనిచేయగలగాలి. చేతితో చేసిన ఏకులను అది స్వీకరించాలి, లేదా ఏకులు చేసుకునే ఏర్పాటు దానితోపాటే ఉండాలి. ఎనిమిది గంటల్లో 12 నుండి 20 నంబరు నూలు 16,000 అడుగులు రావాలి. ధర 150 రూపాయలకు మించరాదు. 20 ఏళ్ళు మన్నాలి. ఏటా మరమ్మతుల ఖర్చు యంత్రం ధరలో నూటికి 5 వంతులు దాటరాదు. యంత్రాలను 1930 అక్టోబరు 30లోగా సాబర్మతి ఆశ్రమానికి చేర్చాలి.

ఈ నిబంధనలను జాగ్రత్తగా చదివితే ఒక విశేషం తెలుస్తుంది. యంత్రం ఎంత నూలు తీయాలన్న లెక్క ఉన్నది ఒక్క నిబంధనలోనే. మిగిలినవన్నీ దానిని నడిపే మనిషి గురించి, ఆమె ఉండే ఇంటి గురించి, ఆమె శరీరం గురించి. పారిశ్రామిక విప్లవకాలపు ఇంగ్లండులో నూలు యంత్రాల సామర్థ్యాన్ని కొలిచింది ప్రధానంగా కదుళ్ళ సంఖ్యతో, పౌను నూలుకయ్యే ఖర్చుతో. అలసటను యంత్రం నమూనాలోనే ఒక కొలతగా చేర్చిన ప్రకటన ఇది. నేడు వినియోగదారుని కేంద్రంగా చేసుకున్న రూపకల్పన అని సాంకేతిక విద్యాలయాల్లో బోధించే సూత్రానికి ఇంతకంటె స్పష్టమైన తొలి ఉదాహరణ భారతదేశంలో దొరకడం కష్టం.

హక్కుల విషయంలోనూ ఒక నియమం ఉంది. ఆవిష్కర్త తన యంత్రానికి పేటెంటు తీసుకోవచ్చు. బహుమతి కావాలంటే మాత్రం ఆ హక్కును సంఘానికి బదిలీ చేయాలి. అంటే కల్పించినవానికి ఒకేసారి తగిన ప్రతిఫలం, ఆపైన యంత్రం అందరిదీ. ఒకరి బుద్ధికీ పదిమంది అవసరానికీ మధ్య రాజీ కుదర్చడానికి ఇది ఆలోచించి వేసిన పథకమే.

లోపం మరొకచోట ఉంది. 16,000 అడుగులంటే సుమారు 5,330 గజాలు. చిలపకు 840 గజాల లెక్కన ఆరు చిలపలకు పైమాట. ఇంత నూలు తీసే యంత్రం 150 రూపాయలకు దొరకాలని నియమం. రోజుకు ఒక అణా సంపాదించే స్త్రీకి 150 రూపాయలంటే 2,400 రోజుల కూలి. ఒక్క పైసా తినకుండా దాచినా ఆరున్నర సంవత్సరాలు. కనుక ఆమె శరీరాన్ని దృష్టిలో పెట్టుకొని తయారయ్యే యంత్రం ఆమె కొనగలిగేది కాదు. దానిని సంఘమో మరొక సంస్థో కొని ఆమెకు ఇవ్వాలి. యంత్రం ఎలా ఉండాలన్నదానిలో ఆమె ఉంది, యంత్రం ఎవరిదన్నదానిలో లేదు. నిబంధనలు రాసినవారిలో వడికే స్త్రీ ఒక్కరూ లేకపోవడానికీ దీనికీ సంబంధం ఉందనే చెప్పాలి.

పోటీకి కిర్లోస్కర్‌వాడిలో తయారైన యంత్రం ఒకటి గట్టిగా నిలిచింది. బహుమతి మాత్రం ఎవరికీ దక్కలేదు.

కూలి ప్రశ్న

యంత్రం దొరకని చోట మిగిలింది కూలి. 1935లో గాంధీ చరఖా సంఘం ముందు పెట్టిన ప్రతిపాదన ఖాదీ చరిత్రలో తగినంత చర్చకు రాలేదు. అప్పటిదాకా ఖాదీ కార్యకర్తల ప్రధాన ప్రయత్నం ఖాదీ ధర తగ్గించడం. పట్నంలో కొనేవానికి భారం కాకూడదని పల్లెలో వడికే మనిషి కూలిని అణా దగ్గర ఉంచారు. ఈ పద్ధతి తప్పని గాంధీ స్వయంగా ఒప్పుకొని, ఎనిమిది గంటల పనికి ఎనిమిది అణాలు గిట్టుబాటు కావాలని ఆదర్శంగా చెప్పాడు. ఆచరణలో అది మూడణాల దగ్గర ఆగింది. అయినా అంతకు ముందున్న దానితో పోలిస్తే అది పెద్ద మార్పు. ఖాదీ ధర పెరిగింది, అమ్మకాలకు దెబ్బ తగిలింది, సంఘంలో అసంతృప్తి వచ్చింది.

సాంకేతిక చరిత్రకు ఈ తీర్మానం ఎందుకు ముఖ్యమంటే, కూలి పెరిగిన తరువాతనే పనిముట్ల మీద శ్రద్ధ పెరిగింది. తక్కువ కూలికి దొరికే మనిషి కాలాన్ని ఆదా చేయాలని ఎవరూ తలచరు. మూడణాలు ఇవ్వవలసి వచ్చినప్పుడు, అదే గంటలో మరింత మంచి నూలు రావడానికి ఏకు ఎలా ఉండాలి, కదురు ఎంత నిటారుగా ఉండాలి, మాల ఎంత బిగువుగా ఉండాలి అన్న విషయాలు కార్యకర్తలకు పట్టాయి. వడికేవారికి ఏకడం కూడా నేర్పాలన్న పట్టుదల వచ్చింది. సమన్యాయం పరిశోధనకు చివర జోడించే అలంకారమని భావించేవారికి ఈ క్రమం ఒక సమాధానం. ఇక్కడ న్యాయమైన కూలే పరిశోధనను ముందుకు తోసింది.

అంబర్ : ఇంట్లో నుండి కర్మాగారానికి

స్వాతంత్ర్యం వచ్చిన తొలి సంవత్సరాల్లో తమిళనాడుకు చెందిన ఏకాంబరనాథన్ అనే యువకుడు మిల్లు యంత్రాల సూత్రాన్ని చిన్నదిగా చేసి ఇంట్లో నడిచే రాట్నం కల్పించాడు. అదే అంబర్ చరఖా. పేరు ఏకాంబరనాథన్ పేరులోనిదే. అంబరం అంటే వస్త్రమని కూడా అర్థం కావడంతో, అది వస్త్రానికి పెట్టిన సంస్కృత నామమని చాలామంది అనుకుంటారు. ఆవిష్కర్త పేరు అందరి నాలుకల మీద ఉండి కూడా ఎవరికీ వినబడకపోవడం విచిత్రమే.

మొదటి అంబర్ ఒక్క యంత్రం కాదు, ఒక జట్టు. దూది ఏకే సాధనం, ఏకును సాగదీసే బెల్నీ, నాలుగు కదుళ్ళ రాట్నం కలిసి వచ్చేవి. పత్తి నుండి నూలు దాకా పని అంతా ఒకే ఇంట్లో జరగడానికి వీలున్న ఏర్పాటు ఇది. 1929 ప్రకటనలో ఏకులను గురించి పెట్టిన నియమం ఈ జట్టులో నెరవేరింది. రెండవ పంచవర్ష ప్రణాళిక సందర్భంగా 1955లో కార్వే కమిటీ అంబర్‌ను సమర్థించింది. 1957లో ఖాదీ, గ్రామోద్యోగ కమిషన్ ఏర్పడ్డాక అది దేశమంతటా వ్యాపించింది. ఆర్థికవేత్తలు దాని లాభనష్టాలను గురించి చేసిన వాదోపవాదాలు ఇక్కడ అప్రస్తుతం.

ప్రస్తుతమైనది ఆ తరువాతి మార్పు. ఆరు, ఎనిమిది, పన్నెండు కదుళ్ళ లోహపు రాట్నాలు వచ్చాయి. వీటికి సమానమైన మందం గల ఏకు కావాలి. ఇంట్లో చేతితో చేసిన ఏకు వీటి మీద తెగిపోతుంది. అందువల్ల ఏకులు తయారుచేసే పని ఇంటి నుండి తొలగి కమిషన్ నడిపే కేంద్రీయ కర్మాగారాలకు చేరింది. కర్ణాటకలోని చిత్రదుర్గంలో ఉన్నది అటువంటిదే. ఒక గంటలో వచ్చే నూలు పెరిగింది. వడికే స్త్రీ అధీనంలో ఉన్న పని తగ్గింది. పత్తి ఎంచడం, ఏకడం, ఏకు చేయడం ఆమె చేయి దాటిపోయాయి. వచ్చిన ఏకును నూలుగా మార్చి, చిలపకు ఇంత అని కూలి తీసుకోవడం ఆమెకు మిగిలింది. ఏకు మేకైందన్న నానుడి ఇంత అక్షరాలా నిజమైన సందర్భం మరొకటి ఉండదు.

ఉత్తర తెలంగాణ విషయంలో ఈ మార్పుకు మరో కోణం ఉంది. ఆదిలాబాదు పేరుపొందిన పత్తి మార్కెట్టు. కరీంనగర్ పల్లెల్లోనూ పత్తి విస్తారంగా పండుతుంది. పత్తి పండే నేల మధ్యలో ఉన్న ఖాదీ కేంద్రానికి ఏకు దూరం నుండి రావడం ఆ కొత్త రాట్నం నమూనాలోనే నిర్ణయమైపోయింది. మరోవైపు ఈ ప్రాంతపు స్త్రీలకు బీడీలు చుట్టడం ఇంటి పట్టున దొరికే ప్రధానమైన ఆదాయం. అది కూడా లెక్కను బట్టి కూలి ఇచ్చే పనే, వేయి బీడీలకు ఇంత అని. చిలప కూలి, వేయి బీడీల కూలి పక్కపక్కన ఉన్న ఊళ్ళలో కొత్త తరం రాట్నం వైపు రాకపోతే దానిని ఆదర్శ లోపమని నిందించడం అన్యాయం.

ఆసు యంత్రం, తేనెటీగ నీతి

పరిశోధకుడే వృత్తి ఇంటివాడైనప్పుడు ఏమవుతుందన్నదానికి సమీప ఉదాహరణ పూర్వపు నల్లగొండ జిల్లా ఆలేరు మండలం శారాజీపేటలో ఉంది. అక్కడి చేనేత కుటుంబంలో పుట్టిన చింతకింది మల్లేశం 1992లో మొదలుపెట్టి 1999లో ఆసు యంత్రాన్ని పూర్తిచేశాడు. చిటికి కట్టి రంగులద్దే పోచంపల్లి తరహా నేతలో, రంగుకు ముందు పేక నూలును అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ వరుసగా పోయాలి. ఇదే ఆసు. ఒక్క చీరకు చేయి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ కదలాలి. రోజుకు రెండు చీరలకు ఆసు పోసే స్త్రీ చేయి 18,000 సార్లు కదులుతుంది. మల్లేశం తల్లి లక్ష్మి భుజం నొప్పితో ఈ పని చేయలేకపోవడమే యంత్రానికి ప్రేరణ. యంత్రానికి పెట్టిన పేరు లక్ష్మీ ఆసు యంత్రం. 2017లో మల్లేశంకు పద్మశ్రీ వచ్చింది. 2019లో ఆయన కథ చలనచిత్రమైంది.

ఈ కథను ఒక్కడి పట్టుదల కథగా చెప్పడం అలవాటైంది. పట్టుదల నిజమే, ఇంజనీరింగు చదువు లేకుండా ఏడేళ్ళు ఒక్కొక్క భాగం కుదుర్చుకుంటూ పోవడం సామాన్యం కాదు. అయితే ఈ పరిశోధనలో ప్రమాణాలు ఎక్కడివన్నది ఆలోచించాలి. నూలు ఎంత బిగువుగా ఉండాలి, పోగు ఎక్కడ తెగుతుంది, ఒక మేకు నుండి మరొక మేకుకు పోయేటప్పుడు ఎక్కడ తడబడుతుంది అన్న జ్ఞానం లక్ష్మి చేతిలో ఉంది, ఊరిలోని ఇతర స్త్రీల చేతుల్లో ఉంది. యంత్రం సరిగా పనిచేస్తోందో లేదో తేల్చగలిగినవారూ వారే. 1929 ప్రకటనలో స్త్రీ అలసట ఒక నిబంధన. ఇక్కడ అలసిన మనిషి ఎదురుగా ఉంది. అంతకంటె పెద్ద తేడా మరొకటి. ఆసు పోయడానికి విడిగా కూలి కట్టే ఆచారం లేదు, చీర ధరలో అది కలిసిపోయేది. యంత్రం వచ్చాక దానికి ఒక కాలం, ఒక వెల కనిపించాయి. లెక్కలోకి రాని శ్రమ యంత్రం రావడంతోనే లెక్కలోకి వచ్చింది.

మల్లేశం వంటివారిని గుర్తించడంలో హనీ బీ నెట్‌వర్క్ పాత్ర ఉంది. అహమ్మదాబాదు భారతీయ నిర్వహణ సంస్థ ఆచార్యుడు అనిల్ గుప్తా 1980వ దశకం చివర దీనిని మొదలుపెట్టాడు. రైతుల జ్ఞానాన్ని ఆంగ్లంలో రాసి పేరూ ఆదాయమూ తాను పొందానని, చెప్పిన రైతులకు ఏదీ తిరిగి చేరలేదని ఆయన స్వయంగా చెప్పుకున్నాడు. ఆ అపరాధభావం నుండి కొన్ని నియమాలు పుట్టాయి. జ్ఞానం చెప్పినవారి పేరు దాచకూడదు, సేకరించినది వారి భాషలో వారికి తిరిగి చేర్చాలి, లాభం వస్తే వంతు ఇవ్వాలి. తేనెటీగ పువ్వును పేదను చేయదు, ఒక పువ్వు పుప్పొడిని మరొక పువ్వుకు చేరుస్తుంది అన్నది పేరులోని ఉపమానం. 2000లో ఏర్పడిన జాతీయ ఆవిష్కరణల సంస్థ ఈ దారిలోనిదే. తెలుగు ప్రాంతంలో బ్రిగేడియర్ పి. గణేశం 2005లో ప్రారంభించిన పల్లె సృజన ఊరూరా చిన్న శోధయాత్రలు చేస్తూ, ఆవిష్కర్తల పేర్లతో సహా నమోదు చేస్తున్నది. పొందూరు చేప దవడ విషయంలో లోపించినది ఇటువంటి నమోదే.

పేరు నమోదు కావడం, హక్కు దక్కడం ఒకటి కావు. సంప్రదాయ జ్ఞానానికి పేటెంటు ఇవ్వరాదని భారత చట్టం చెబుతుంది. ఇతరులు దానిని సొంతం చేసుకోకుండా అది అడ్డు నిలుస్తుంది, తెలిసినవారికి మాత్రం కొత్తగా ఏమీ ఇవ్వదు. భౌగోళిక గుర్తింపు పోచంపల్లి ఇక్కత్‌కు, కరీంనగర్ వెండి తీగపనికి, నిర్మల్ బొమ్మలకు, ఆదిలాబాదు డోక్రాకు వచ్చింది. అది వస్తువు పేరును కాపాడుతుంది. పనిముట్టులో జరిగే మార్పు దాని పరిధిలోకి రాదు. కొత్త సుత్తి, కొత్త అచ్చు కల్పించిన ఓజా కళాకారునికి ఆ గుర్తింపు వల్ల ప్రత్యేకంగా ఒరిగేది లేదు.

మల్ఖా వైపు చూపు

ఏకుల ప్రశ్నను మళ్ళీ మొదటి నుండి ఎత్తుకున్న ప్రయత్నం ఈ శతాబ్దంలో మల్ఖా. మల్‌మల్, ఖాదీ అన్న రెండు మాటలు కలిసిన పేరిది. దస్త్‌కార్ ఆంధ్ర సంస్థతో చేనేతకు జీవితం వెచ్చించిన ఉజ్రమ్మ దీని వెనుక ఉన్నారు. ఆమె వాదం సూటియైనది. పత్తిని బేళ్ళుగా బిగించి అదమడం లాంకషైరుకు ఓడల్లో పంపడానికి ఏర్పడిన పద్ధతి. ఓడలు ఆగిపోయినా పద్ధతి ఆగలేదు. మొదట అదిమిన దూదిని తరువాత విడదీయడానికి మిల్లులో బరువైన యంత్రాలు, విద్యుత్తు కావాలి. ఆ దెబ్బలకు పత్తిలోని సహజమైన సాగుడు గుణం నశిస్తుంది. పత్తి పండేచోటనే చిన్న యంత్రాలతో, బేలు కట్టకుండా నూలు తీస్తే ఆ నష్టం ఉండదు. చెన్నై ఇంజనీరు ఎల్. కణ్ణన్ తోడ్పాటుతో దీనికి తగిన చిన్న యంత్రాలు సిద్ధమయ్యాయి, తెలంగాణ పల్లెల్లో నూలు కేంద్రాలు నడిచాయి. ఇందులో నూలు తీసేది విద్యుత్తు కనుక మల్ఖా చట్టం ప్రకారం ఖాదీ కాదు. ఖాదీ అంటే చేతితో వడికిన నూలును చేమగ్గంపై నేసిన వస్త్రమని 1956 నాటి చట్టం నిర్వచించింది.

ఈ నిర్వచనం ఇప్పుడు మరొక వైపు నుండి పరీక్షకు గురవుతోంది. 2018లో కేంద్ర ప్రభుత్వం సౌర చరఖా పథకాన్ని ప్రారంభించింది. సూర్యశక్తితో తిరిగే రాట్నం స్త్రీ భుజానికి శ్రమ తగ్గిస్తుంది, నూలు పెంచుతుంది. చేయి తిప్పలేదు కనుక ఆ నూలు ఖాదీ అవుతుందా అన్న వాదం వెంటనే వచ్చింది. వాదిస్తున్నవారు ఎక్కువగా విధానకర్తలు, సంస్థల నిర్వాహకులు, ఖాదీ అభిమానులు. 1929 నిబంధనల్లో ఎనిమిది గంటలు పెద్ద ప్రయాస లేకుండా అన్న వాక్యం ఎవరిని ఉద్దేశించిందో వారిని, అంటే మెట్‌పల్లి వంటి కేంద్రాల్లో చిలప లెక్కన కూలి తీసుకుంటున్న స్త్రీలను, ఈ చర్చలో సాక్షులుగానైనా పిలిచిన జాడ అరుదు. వారిముందున్న రాట్నానికి ఏకు మాత్రం ఇప్పటికీ కర్మాగారం నుండే రావాలి.